కారానికి తేమే శత్రువు

మిర్చి ధర పడిపోయినప్పుడల్లా శీతల గిడ్డంగులు నిండుతాయి. 2023లో క్వింటాలు రూ.20 వేలు దాటిన పంటకు, 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. అమ్ముకోలేని సరుకు గుంటూరు చుట్టుపక్కల ఏసీల్లోకి చేరింది. మనం ఆవకాయకు కొనే కాయ నిరుటిదో, ఈ ఏటిదో చెప్పడం కష్టం.

నిరుటి కాయ అంటే భయపడక్కర్లేదు. బాగా ఎండి, చల్లగా ఉన్న మిర్చి ఏడాదైనా రంగు నిలుపుకొంటుంది. చిక్కంతా అంతకు ముందే ఉంది. కళ్లంలో ఆరబోసిన కాయ అకాల వర్షానికి తడుస్తుంది. బస్తాలకెత్తేటప్పుడు విరగకుండా కొందరు నీళ్లు చిలకరిస్తారు. ఆ తేమలోనే ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్‌ను వదులుతుంది. ఇది కాలేయ క్యాన్సర్ కారకం. పోపులో వేసినా, కూరలో ఉడికించినా పోదు. అందుకే ఎండుమిర్చిలో, కారంలో తేమ 11 శాతం మించకూడదన్న నిబంధన ఉంది.

మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లాటాక్సిన్‌కు మన దేశంలో పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. మిర్చికి ఐరోపా సమాఖ్య పెట్టింది 10. ఎగుమతయ్యే కాయకు ఒక జల్లెడ, మన వంటింటికి వచ్చేదానికి మరొకటి! రోజూ, మూడు పూటలా కారం తినేది మనమే కదా.

కాబట్టి కొనేచోటే జాగ్రత్తపడండి. ఎండిన కాయను ఊపితే గింజలు గలగలమనాలి. నాలుగైదు కాయలు చీల్చి చూడండి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయ లోపల బూడిదరంగు బూజు ఉండొచ్చు. తాలు కాయలు చవకని తీసుకోవద్దు. మర పట్టించేముందు ఒకరోజు ఎండబెట్టండి. మర నుంచి వచ్చిన వేడి కారాన్ని వెంటనే డబ్బాలో మూత పెడితే లోపలే చెమ్మ పడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పూర్తిగా చల్లారనివ్వండి.

ఇక పోపుల డబ్బా. దాన్ని పొయ్యి పక్కనే పెట్టుకోవడం మన అలవాటు. వేడి, ఆవిరి, తడి చెంచా అన్నీ దానికే. అందులో వారానికి సరిపడా పోసుకుని, మిగతాది గాలి చొరని సీసాలోనో జాడీలోనో చీకటి అరలో ఉంచండి. పాత కారం మీద కొత్తది పోయకండి. రంగు వెలిసిందంటే పాడైందని కాదు, వెలుతురు తగిలిందంతే. ఘాటు అంత త్వరగా పోదు. గడ్డకట్టి ముక్కవాసన వస్తే మాత్రం ఎండబెట్టి వాడుకునే ప్రయత్నం వద్దు. బూజు చచ్చినా విషం మిగులుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టేవారు చిన్న పొట్లాలుగా కట్టుకోవాలి. బయటకు తీసిన పొట్లం గది వేడికి వచ్చాకే విప్పండి. చల్లటి కారానికి గాలి తగిలితే దానిలోని చెమ్మ పొడిలోకే దిగుతుంది.