గుంటూరులో మంచెక్కడిదే?

మొన్న మా అక్కావాళ్ళింట్లో వ్రతానికి వెళ్ళాం. భోజనాలయ్యాక మాటల్లో అక్క కూతురి చదువు సంగతి వచ్చింది. డిజైన్ కోర్సు, మూడో ఏడు. మంచు మీద జారే స్నోబోర్డులు, వాటికి కావలసిన బట్టలు తయారుచేసే కంపెనీల్లో పనిచేయాలనుందని చెప్పింది. అంతే, హాలంతా నవ్వులు. "గుంటూరులో మంచెక్కడిదే? ఐస్‌ఫ్రూట్ బండి మీద బొమ్మలేస్తావా?" అన్నాడు వాళ్ళ బాబాయి. పిల్ల మొహం చిన్నబోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది పిల్లలు అమెరికా బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. అందులో ఆ బ్యాంకుల గుమ్మం తొక్కినవాళ్ళెందరు? దానికి అడ్డురాని దూరం దీనికెలా అడ్డొచ్చింది? నేను బి.ఏ. తెలుగులో చేరతానన్నప్పుడూ "తెలుగెవరికి రాదే?" అని ఇలాగే నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

అసలీ స్నోబోర్డు పుట్టింది ఏ పెద్ద కంపెనీలోనో కాదు, ఒక ఇంట్లో. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, తన ఆడపిల్లలు ఆడుకుంటారని రెండు స్కీలని పక్కపక్కన పెట్టి బిగించాడు. దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది ఆయన భార్య నాన్సీ. కుర్రతనంలో దానితో ఆడుకున్న జేక్ బర్టన్ 1977లో వెర్మాంట్‌లో బర్టన్ కంపెనీ పెట్టాడు. 1998లో నగానోలో అది ఒలింపిక్స్ ఆట కూడా అయింది.

అలాగని పిల్లని నెత్తికెక్కించుకోమనడం లేదు. నేనూ దాన్ని నిలదీశాను. "ఏదీ, నువ్వు చేసినవి చూపించు" అంటే ఫోన్లో బోలెడు బోర్డుల ఫొటోలు చూపించింది. అన్నీ ఇంకొకళ్ళు చేసినవే!

"ఇష్టపడటం వేరు, చేయడం వేరు తల్లీ. బోర్డు మీద బొమ్మేస్తే కాళ్ళు బిగించే చోట అది కనపడదని తెలిసి వేయాలి. డబ్బులు కూడబెట్టుకుని ఒక్కసారైనా గుల్‌మార్గ్ వెళ్ళి, బోర్డెక్కి, నాలుగుసార్లు పడి రా. ఈలోగా మన వీధిలో వానలో తిరిగే డెలివరీ కుర్రాడి రెయిన్‌కోటు చూడు. మెడలోంచి నీళ్ళు, లోపలంతా చెమట. మంచులో వేసుకునే కోటుకీ ఇదే తంటా. తడి లోపలికి రాకూడదు, చెమట బయటికి పోవాలి. ముందు అది బాగుచెయ్యి. ఆ కంపెనీల్లో ఉద్యోగం రాకపోయినా, ఆ పని నేర్చిన చేతికి ఇంకోచోట అన్నం దొరుకుతుంది" అన్నాను.

అమ్మలూ, "మన ఊళ్ళో అది ఉందా?" అని పిల్లల్ని అడక్కండి. "నువ్వేం చేశావో చూపించు" అని అడగండి. ఆ మాటకి వాళ్ళు చిన్నబోరు, పనిలో పడతారు.

నిన్న రాత్రి ఫోన్ చేసి, "పిన్నీ, నీ కుట్టుమిషను కొన్నాళ్ళు ఇస్తావా?" అంది. తీసుకెళ్ళమన్నాను. మొదటి రెయిన్‌కోటు వాళ్ళ బాబాయికే.