ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక.. అప్పటికే మీ ఊరి రేవు మునిగిందా?

జులై వచ్చిందంటే గోదావరి జిల్లాల వాళ్ల ఫోన్లలో ఒక అంకె తిరుగుతూ ఉంటుంది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులైతే రెండోది, 17.75 అడుగులైతే మూడోది. ప్రవాహం లెక్కన సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ, అమ్మానాన్నలు లంక గ్రామంలో ఉంటే, టీవీలో ఈ అంకె చూసి ఊరికి ఫోన్ చేసే ఉంటారు.

కానీ అది బ్యారేజీ అంకె. మీ ఊరి అంకె వేరు. ఆ రెండో అంకెను ఊళ్లో అందరికీ, కరెంటు పోయాక కూడా, చేరవేసే ఏర్పాటు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

హెచ్చరిక ఎలా వస్తుంది?

గోదావరి వరద చెప్పకుండా రాదు. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అలాగని భద్రాచలం ఒక్కటీ చూస్తే చాలదు. శబరి నది అక్కడికి దిగువన, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. భద్రాచలంలో నీరు తీస్తున్నా, శబరి పొంగితే కిందివారికి ముప్పు తప్పదు. బ్యారేజీ కూడా వరదను ఆపలేదు. 175 గేట్లూ ఎత్తి, వచ్చిన నీటిని వచ్చినట్టే సముద్రం వైపు వదులుతారు.

కేంద్ర జల సంఘం అంచనాలు ఇస్తుంది. జలవనరుల శాఖ సిబ్బంది బ్యారేజీ దగ్గర మట్టం కొలుస్తారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తాడేపల్లి నుంచి జిల్లాలను అప్రమత్తం చేస్తుంది. అక్కడి నుంచి కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్, చివరికి గ్రామ సచివాలయం. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు సమాచారం పైస్థాయిలో చాలా వేగంగా కదులుతోంది. చిక్కు చివరి మెట్టు దగ్గరే.

ఎక్కడ తెగుతోంది?

మొదటిది, ఊరి లెక్క. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు దాటితే ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట ఉన్నాయి. ఏటా వరద మొదలవగానే ఇక్కడి తాత్కాలిక బాట కొట్టుకుపోయి, జనం పడవ ఎక్కాల్సి వస్తుంది. అప్పటికి ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక కూడా వచ్చి ఉండదు. గర్భిణికీ, డయాలసిస్ రోగికీ, మేతకు వెళ్లిన పశువుకూ ప్రమాదం ఆ బాట తెగిన రోజే మొదలైనట్టు.

రెండోది, జిల్లాల గీతలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ధవళేశ్వరం తూర్పు గోదావరిలో ఉంది. కిందికి వెళ్లే నీరు కోనసీమ, పశ్చిమ గోదావరి, కాకినాడ జిల్లా తాళ్లరేవు, పుదుచ్చేరికి చెందిన యానాం దాకా పోతుంది. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా ఊరు. దాని కాజ్‌వే మాత్రం కోనసీమలోని చాకలిపాలెం వైపు తేలుతుంది. ఆ కాజ్‌వే మునిగితే చెప్పాల్సింది ఏ జిల్లా కంట్రోల్ రూమ్? ఇది ముందే తేల్చి ఉంచాల్సిన సంగతి.

మూడోది, కరెంటు. నీరు ఊళ్లోకి వస్తే ప్రమాదం జరగకుండా సరఫరా ఆపేస్తారు. సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలే నిలుస్తుంది. జనరేటర్‌కు డీజిల్ తేవాలన్నా దారి ఉండదు. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీదుగానే సాగుతుంది కాబట్టి, గాలికి స్తంభం పడితే కరెంటూ ఇంటర్నెట్టూ కలిసే పోతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ లాంటి మహానగరమే ఫోన్లు పలకక అల్లాడింది.

ఫోన్‌కు అలర్ట్ వస్తుంది కదా?

వస్తుంది, అది మంచి సాధనం కూడా. 2023లో మీ ఫోన్ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగడం గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకూ విడిగా వెళ్లాలి. రద్దీ పెరిగితే ఆలస్యమవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఒక టవర్ పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి చేరుతుంది, నంబర్లతో పని లేదు. అయితే టవర్ బతికి ఉండాలి, ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి. అందుకే దీన్ని మొదటి గంటల సాధనంగా చూడాలి. ఆ తర్వాతి గంటలకు ఇంకో దారి కావాలి.

ఇతరులు ఏం చేశారు?

1999 సూపర్ సైక్లోన్‌లో సుమారు 10 వేల మందిని కోల్పోయిన ఒడిశా, తీరంలో 122 చోట్ల సైరన్ టవర్లు పెట్టి 2018లో ప్రారంభించింది. 1970 తుపానులో లక్షల మందిని పోగొట్టుకున్న బంగ్లాదేశ్, రెండేళ్లకే తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టింది. చేతి మైకులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే వేలాది వాలంటీర్లే నేటికీ దానికి బలం. రెండు చోట్లా యంత్రంతో పాటు మనిషినీ సిద్ధం చేశారు.

పంచాయతీకి ఏం కావాలి?

పెద్ద ప్రాజెక్టులేమీ అక్కర్లేదు. ధవళేశ్వరంలో ఇన్ని లక్షల క్యూసెక్కులుంటే ఈ రేవు, ఈ కాజ్‌వే, ఈ వీధి మునుగుతాయని ఊరివారీ పట్టిక రాసి సచివాలయం గోడ మీద పెట్టాలి. పాత వరదల అనుభవం ఊళ్లోనే ఉంది. దాన్ని కాగితం మీదికి తేవాలి. బ్యాటరీతో నడిచే మైకు, సోలార్ చార్జింగ్, లంకల సమూహానికి ఒక వైర్‌లెస్ సెట్ లేదా శాటిలైట్ ఫోన్ ఉండాలి. జూన్‌లోనే వాటిని ఒకసారి వాడి చూడాలి. కబురు పైనుంచి కిందికే కాదు, ‘బాట తెగింది’ అని కిందినుంచి పైకీ వెళ్లాలి.

డబ్బు మాటకొస్తే, 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్ర విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకు, మరో 10 శాతాన్ని సన్నద్ధతకు కేటాయించింది. అంటే వరద వచ్చాక పంచే సాయానికే కాదు, రాకముందు ఏర్పాట్లకూ పద్దు ఉంది. అందులో మీ పంచాయతీకి ఎంత చేరిందో గ్రామసభలో అడగవచ్చు.

మీరు చేయగలిగింది

ఇంట్లో వాళ్ల ఫోన్లలో ఎమర్జెన్సీ అలర్ట్స్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. సచేత్ యాప్‌లో హెచ్చరికలు, కేంద్ర జల సంఘం ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో నీటిమట్టాలు తెలుస్తాయి. 112, 1070, 1800 425 0101 నంబర్లను ఫోన్‌లోనే కాకుండా గోడ మీద కూడా రాయించండి. తేదీ లేని వీడియోను ఫార్వర్డ్ చేయకండి.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు ‘ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుంది?’ అని మాత్రమే అడగకండి. ‘ఎన్ని అడుగులైతే మన రేవు మునుగుతుంది? కరెంటు పోతే మనకెవరు చెబుతారు?’ అనీ అడగండి. జవాబు వెంటనే రాకపోతే, మీ పంచాయతీ మొదలుపెట్టాల్సిన పని అదే.