ప్రవాసి నెలసరి పద్దు

‘దూరపు కొండలు నునుపు’ అన్నది మన పెద్దల అనుభవసారం. విదేశీ జీవనాన్ని గురించి మన పల్లెల్లోను, పట్టణాల్లోను, మన కళాశాల ఆవరణలోను వినవచ్చే మాటలను గమనిస్తే ఈ సామెత ఎంత సత్యమో బోధపడుతుంది. ఫలానావారి అబ్బాయి ఎంత సంపాదిస్తున్నాడన్న ప్రశ్న అందరి నోటా వినబడుతుంది. ఆ సంపాదనలో తిండికి, గదికి, మందులకు, అప్పుకు పోగా మిగిలేది ఎంత అని అడిగేవారు మాత్రం అరుదు. ఆదాయాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పుకొని, వ్యయాన్ని విస్మరించే ఈ అలవాటు మన కుటుంబాలకు మిక్కిలి నష్టం కలిగిస్తున్నదని నా దృఢాభిప్రాయం. పరిమితమైన జీతంతో పరాయి దేశంలో బ్రతకడం ఒక విద్య. ఆ విద్యను విమానమెక్కక ముందే అభ్యసించాలని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మన ప్రాంతానికి, అరబ్బు దేశాలకు గల సంబంధం నిన్న మొన్నటిది కాదు. హైదరాబాదులోని బార్కస్ వాసులలో అనేకుల పూర్వీకులు యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చి నిజాం కొలువులో సైనికులుగా పనిచేసినవారు. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట ఈ ప్రవాహం దిశ మారింది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి దుబాయికి, సౌదీకి. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు. హైదరాబాదు పాతబస్తీ నుండి జిద్దా, రియాద్ నగరాలకు మనవారు తరలిపోసాగారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి కూడబెట్టినది ఒక్క రాత్రిలో చేజారగలదని ఆ సంఘటన మనకు నేర్పింది. అయినా నేటికీ వెళ్ళేవారు వెళ్తూనే ఉన్నారు. ఈ కళాశాలలో చదివే మనలో ఎందరి రుసుములో ఆ ఎడారి చెమట నుండి వచ్చినవే.

ఇక లెక్కలోకి వద్దాము. ఖతార్ దేశం 2020లో చేసిన చట్టం 2021 మార్చి 20 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కార్మికుడు ఏ దేశస్థుడైనా కనీస మూలవేతనం నెలకు 1,000 రియాళ్ళు. యజమాని భోజనం, వసతి సమకూర్చని పక్షంలో భోజనానికి 300, వసతికి 500 రియాళ్ళు అదనంగా ఇవ్వాలి. చట్టం నిర్ణయించిన ఈ మొత్తాన్నే ఉదాహరణగా తీసుకుందాము. వసతి కంపెనీ ఇచ్చిందనుకుందాము. భోజనం సొమ్ము 300 రియాళ్ళు నలుగురు కలిసి నడుపుకొనే మెస్సుకు సరిపోయిందనుకుందాము. బియ్యం, పప్పు, ఖుబ్బూస్ రొట్టె, వారానికొకటి రెండుసార్లు కోడికూర. ఇంతకు మించి ఆ మెస్సులో ఆశించరాదు. ఇక చేతిలో ఉన్నది మూలవేతనం 1,000 రియాళ్ళు. ఫోను, సబ్బు, క్షౌరం, బట్టలు, తలనొప్పి మాత్ర, బకాలా కొట్టులో టీ, శుక్రవారం నాడు బస్సు ఛార్జీ, స్నేహితుడికి కష్టం వస్తే చందా; ఇవన్నీ కలిపి ఎంత బిగించినా 250 రియాళ్ళు అవుతాయనుకుందాము. మిగిలేది 750 రియాళ్ళు. సౌలభ్యం కోసం రియాలుకు 23 రూపాయల చొప్పున లెక్కిస్తే 17,250 రూపాయలు.

ఇంతవరకు ఈ పద్దులో లోపమేమీ లేదు. ఇంటి ఖర్చుకు 9,000 రూపాయలు పంపినా నెలకు 8,250 రూపాయలు వెనకేయవచ్చు. మరి ఇంత పొదుపుగా బ్రతికిన మనిషి రెండేళ్ళ ఒప్పందం ముగించుకొని ఉత్తచేతులతో ఎందుకు తిరిగి వస్తున్నాడు? కారణం ఖతార్‌లో లేదు. మన ఊళ్ళోనే ఉన్నది. వీసా కోసం మధ్యవర్తికి 1,50,000 రూపాయలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాడనుకోండి. మొదటి నెల వడ్డీయే 4,500 రూపాయలు. మిగులు మొత్తం 8,250 రూపాయలనూ ప్రతి నెలా ఆ అప్పుకే కట్టినా, అసలుతోపాటు వడ్డీ క్రమంగా తగ్గుతూ వచ్చినా, ఆ బాకీ తీరడానికి 26 నెలలకు పైగా పడుతుంది. ఒప్పందమేమో 24 నెలలు. ఆ రెండేళ్ళ శ్రమా వడ్డీ వ్యాపారికి, మధ్యవర్తికి ధారపోసినట్లే గదా!

మన దేశపు నిబంధనల ప్రకారం నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు ఉద్యోగార్థి నుండి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు మించరాదు. దానిపై 18 శాతం పన్ను కలిపితే 35,400 రూపాయలు. ఈ మొత్తాన్ని అదే వడ్డీకి తెచ్చినా, అదే మిగులుతో 5 నెలల లోపే తీరిపోతుంది. తరువాత 19 నెలల మిగులు, అనగా లక్షన్నర రూపాయలకు పైగా, ఆ కుటుంబానికి దక్కుతుంది. జీతం అదే, గది అదే, తినే రొట్టె అదే. ప్రవాసి నెలసరి పద్దు అక్కడి దుబారా వల్ల కంటే ఇక్కడి అప్పు వల్లనే ఎక్కువగా చెడిపోతున్నదని నేననడానికి ఈ చిన్న లెక్కయే ఆధారం.

ఇక్కడ చదువుకున్నవారు గుర్తించవలసిన విషయం మరొకటి కలదు. 1983 నాటి వలస చట్టం క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ వంటి నిర్ణీత దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈ అనుమతితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా వర్తిస్తుంది. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాదవశాత్తు మరణిస్తే 10 లక్షల రూపాయల బీమా! కాని మధ్యవర్తుల మాట విని, ఈ అనుమతిని తప్పించుకొనడానికి విజిట్ వీసా మీద వెళ్ళేవారు ఈ రక్షణను కూడా చేజేతులా వదులుకుంటున్నారు. 375 రూపాయలు మిగిల్చామనుకొని 10 లక్షల ఆసరా పోగొట్టుకొనడం ఏ పద్దులో వ్రాయగలము?

కుటుంబంతో వెళ్ళేవారి సంగతి వేరు. సౌదీ అరేబియా 2017 జూలై నుండి ప్రవాసి వెంట ఉండే ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ రుసుము విధించి, ఏటేటా 100 చొప్పున పెంచి 2020 జూలై నాటికి 400 రియాళ్ళు చేసింది. ఆ లెక్కన భార్య, ఇద్దరు పిల్లలు గల గుమాస్తాకు నెలకు 1,200 రియాళ్ళు. సంవత్సరానికి 14,400 రియాళ్ళు. అతని జీతం 4,000 రియాళ్ళైతే పదింట మూడు వంతులు దీనికే సరి. ఇఖామా పునరుద్ధరణ నాడు ఈ సొమ్మును ముందుగా చెల్లించవలసి రావడం మరొక భారం. ఆ 2020 జూలైలోనే అక్కడి విలువ ఆధారిత పన్ను 5 శాతం నుండి 15 శాతానికి పెరిగింది. జిద్దా, రియాద్‌లలో ఏళ్ళ తరబడి కాపురమున్న హైదరాబాదీ కుటుంబాలు ఎన్నో ఈ కాలంలోనే భార్యాబిడ్డలను స్వస్థలానికి పంపివేశాయి. అద్దె ఇల్లు వదిలి, తండ్రి మరల బెడ్ స్పేస్ చేరాడు. సంసారం రెండు ఊళ్ళ పాలైంది.

మరి వృద్ధాప్యం మాటేమిటి? ఆ దేశాల్లో పరదేశి కార్మికునికి పింఛను లేదు. ఉద్యోగం ముగిసిన నాడు ఇచ్చే గ్రాట్యుటీయే అతనికి గతి. ఖతార్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం మూడు వారాల మూలవేతనం ఇవ్వాలి. 1,000 రియాళ్ళ మూలవేతనంపై అది ఏడాదికి 700 రియాళ్ళు. 10 సంవత్సరాలకు 7,000 రియాళ్ళు. పైన చెప్పిన లెక్కనే 1,61,000 రూపాయలు. యౌవనంలోని పదేళ్ళకు చివర దక్కేది ఇంతే. అందుచేత ఒప్పంద పత్రంలో ‘మొత్తం జీతం’ చూసి సంతోషించరాదు; ‘మూలవేతనం’ ఎంతో చూడాలి. భత్యాలు పెంచి మూలవేతనం తగ్గించి వ్రాసిన ఒప్పందం నేడు తీపిగా ఉండి రేపు చేదవుతుంది.

ఇక ఇంటివద్దనున్న మనలను గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. ‘చాదర్ దేఖ్‌కర్ పావ్ ఫైలావో’ అని ఉర్దూలో అంటారు. ‘మంచమున్నంత వరకే కాళ్ళు చాచుకోవాలి’ అని తెలుగులో అంటారు. రెండు భాషలవారము ఒకే నీతిని చెప్పుకుంటూ, రెండు భాషలవారమూ ఒకే తప్పు చేస్తున్నాము. పరాయి దేశంలో ఒక గదిలో ఎనమండుగురు సర్దుకొని పడుకుంటారు. ఇక్కడ పెళ్ళిలో ఎనిమిది వందల మందికి విందు జరుగుతుంది. అక్కడ పాత చెప్పుకు కుట్టు వేయించుకుంటారు. ఇక్కడ తమ్ముడికి కొత్త మోటారు సైకిలు కావాలి. ‘దుబాయి ఇల్లు’ అని పేరు పడ్డ తరువాత కట్నం అడిగేవాడు ఎక్కువ అడుగుతాడు, చందా వ్రాసేవాడు ఎక్కువ వ్రాస్తాడు, అప్పిచ్చేవాడు ధైర్యంగా ఇస్తాడు. ప్రవాసి తన నిజమైన జీతం చెప్పుకొనలేక మౌనం వహిస్తాడు. ఆ మౌనమే ఈ దుబారాకు మూలం. అందరూ దుబారా చేస్తున్నారని నేననడం లేదు. ఆ సొమ్ముతో ఆడపిల్లలను డిగ్రీ వరకు చదివించినవారు, సాగుభూమి కొన్నవారు, చిన్న వర్తకం పెట్టుకొన్నవారు మన మధ్యనే ఉన్నారు. వారి ఇళ్ళలో పద్దు పుస్తకం ఉంటుంది. భార్యాభర్తలు ఫోనులో లెక్క మాట్లాడుకుంటారు. ఉన్న తేడా అదే.

‘ఇక్కడ ఉద్యోగాలెక్కడ? వెళ్ళక ఏం చేయాలి?’ అని మిత్రులు ప్రశ్నించవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దేశాంతరం వెళ్ళవద్దని నేను చెప్పబోను. కష్టపడి సంపాదించడం ఏ మతంలోనూ, ఏ దేశంలోనూ నింద్యం కాదు. వెళ్ళేవాడు అప్పు తక్కువతో, పని నేర్పుతో, ఒప్పందం చదివి వెళ్ళాలనే నా కోరిక. విద్యుత్తు పని, శీతల యంత్రాల మరమ్మత్తు, నర్సింగు, గణకం వంటి ఏదో ఒక విద్య చేతనున్నవాడు జీతం అడిగి పుచ్చుకుంటాడు. ఏదీ చేతరానివాడు ఇచ్చినంత తీసుకుంటాడు.

ఈ సందర్భంలో కళాశాల కమిటీవారికి మూడు విన్నపాలు. మొదటిది, విదేశీ ఉద్యోగ పత్రాలను పరిశీలించి చెప్పే ఒక సలహా కేంద్రాన్ని వారానికొక పూటయినా నిర్వహించాలి. ఏజెంటు నమోదైనవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వ్యవస్థలో చూడవచ్చు. చూసి చెప్పడానికి గట్టిగా పావుగంట చాలు. ఈ సేవ మన విద్యార్థులకే గాక వారి అన్నలకు, బంధువులకు కూడా అందాలి. రెండవది, వ్యావహారిక అరబ్బీ తరగతి. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఆ లిపి ఇదివరకే పరిచితం; అర్థం మాత్రమే నేర్పాలి. తెలుగు విద్యార్థులకు రెండూ నేర్పాలి. అరబ్బీలో ఉన్న కాగితంపై అర్థం తెలియక సంతకం చేసి మోసపోయే అవస్థ మన పట్టభద్రులకు కలుగరాదు. మూడవది, ఏటా ఒకసారి తిరిగివచ్చిన ప్రవాసులను ఆహ్వానించి, వారి చేత లెక్కలు చెప్పించాలి. సన్మానాలు, శాలువాలు అవసరం లేదు. నెలకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్న మూడు మాటలు చాలు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరి తండ్రిగాని, అన్నగాని పరదేశంలో ఉంటే ఈ రాత్రి ఫోను చేసినప్పుడు ‘ఎప్పుడు పంపుతారు?’ అని అడగడానికి ముందు ‘మీకు ఎంత మిగులుతున్నది?’ అని అడగండి. ఆయన మొదట నవ్వి మాట దాటవేస్తారు. మరల అడగండి. చెప్పిన అంకెను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని, ఇంటి ఖర్చును దాని ప్రక్కన వ్రాయండి. రేపు మీరే విమానమెక్కవలసి వస్తే ఆ పుస్తకాన్ని మీ వెంట తీసుకొని వెళ్ళండి. మధ్యవర్తి చూపే రంగుల కాగితాల కంటే అది మీకు ఎక్కువ మేలు చేస్తుంది.