ఇక్కడ 457, అక్కడ 610

ఆస్ట్రేలియాలో మనవాళ్లు నలుగురు కలిస్తే 2013లో ఏడాదంతా 457 వీసా మీదే చర్చ నడిచింది. స్థానికుడు దొరకలేదని చూపించాకే కంపెనీ బయటి దేశం నుంచి మనిషిని తెచ్చుకోవాలని జూన్ చివర్లో పార్లమెంటు చట్టం చేసింది. కొన్ని మినహాయింపులతో అది ఆ నవంబర్ నుంచి అమలైంది. ఈ చట్టానికి పట్టుబట్టిన జూలియా గిలార్డ్ స్వయంగా వేల్స్‌లో పుట్టి, 1966లో ఇక్కడికి వలస వచ్చిన మనిషే.

ఈ నిబంధన మనలో చాలామందికి ఇబ్బందే అయింది. అయినా ఆస్ట్రేలియాను వేర్పాటువాది అని ఎవరూ అనలేదు. అదే మాట తెలంగాణ బిడ్డ అంటే మాత్రం సంకుచితత్వమట! "హైదరాబాద్‌లో ఎవరైనా బతకొచ్చు కదా" అని ఇక్కడి సమైక్యవాద మిత్రులు అడిగేవారు.

బతకొచ్చు. మన గొడవ వలసతో కాదు, మాట తప్పడంతో. 1919 నాటి ముల్కీ నిబంధనలు ఉద్యోగానికి 15 ఏళ్ల నివాసం అడిగాయి. 1956 పెద్దమనుషుల ఒప్పందం దాన్ని 12 ఏళ్లు చేసింది. అదీ నిలబెట్టుకోలేదు కాబట్టే 1969 ఉద్యమం వచ్చింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాయి. పదేళ్ల తర్వాత జయభారత్ రెడ్డి కమిటీ లెక్క తీస్తే తెలంగాణ పోస్టుల్లో 58,962 మంది స్థానికేతరులు తేలారు. వాళ్లను 1986 మార్చి 31లోగా వాళ్ల ప్రాంతాలకు పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చారు. అది కాగితం మీదే ఉండిపోయింది. దాని అమలు సంగతి తేల్చడానికి 2001లో మళ్లీ గిర్‌గ్లానీ కమిషన్ వేశారు.

తేడా ఎక్కడుంది? ఇక్కడ నిబంధనతో పాటు దాన్ని తనిఖీ చేసే చెయ్యి కూడా ఉంది. 457 మీద వచ్చినవాడికి స్థానికుడితో సమానంగా జీతం ఇస్తున్నారో లేదో 2013 నుంచి ఫెయిర్ వర్క్ ఇన్‌స్పెక్టర్లు చూశారు. అంటే స్థానికుడి ఉద్యోగానికీ, వలస వచ్చినవాడి శ్రమకూ ఒకే నిబంధన కాపలా. మన దగ్గర కంచే చేను మేసింది. ఉద్యోగం ఇచ్చిందీ, నిబంధన మీరిందీ, విచారించాల్సిందీ ఒకే ప్రభుత్వం. అందుకే మనం ఇంకో జీవో అడగలేదు, రాష్ట్రం అడిగాం.

2013 జూలై 30 ప్రకటనతో ఆ రాష్ట్రం దగ్గరికొచ్చింది. ప్రభుత్వానికి ఒక మాట చెప్పాలి. సర్కారు కొలువుల్లో స్థానికత నిబంధనను స్పష్టంగా రాయండి, నిక్కచ్చిగా అమలు చేయండి. అమలు కాని నిబంధన మీద కోపం దాన్ని మీరిన అధికారి మీదికి పోదు, పొట్టకూటికొచ్చిన మామూలు మనిషి మీదికి పోతుంది. వీసా మీద బతుకుతున్న మనం ఈ మాట అందరికంటే గట్టిగా చెప్పాలి.

జై తెలంగాణ!