బీరుకు స్టార్లు ఇస్తున్నం, జీలుగు కల్లుకు ఏమిస్తం?



ఈ మధ్య మనోళ్ల మాటల్లోకి కొత్త ముచ్చట ఒకటి వచ్చింది. క్రాఫ్ట్ బీరు. జాబులొచ్చిన సీనియర్లు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు బ్రూపబ్బులకు పోతున్నరు. తాగిన ప్రతి గ్లాసుకు ఐదుకు ఇన్ని అని మార్కులు వేసి స్టేటస్ పెడుతున్నరు. "వీట్ బీరు 4, అరటిపండు వాసన. ఐపీఏ 3.5, చేదు జర ఎక్కువ. స్టౌట్ 4.25, కాఫీ లెక్క ఉంది." ఇటు ఎల్‌బీ నగర్ హాస్టల్ గదుల్లో కూర్చొని మేము అవి చూస్తున్నం, రాత్రిళ్లు దాని మీదనే చర్చ పెట్టుకుంటున్నం. అందులో తేలిన మాటలు ఇక్కడ రాస్తున్నం. పొడుగు పోస్టే, ఓపిక చేసి చదవండి.

ముందే ఒక మాట. మాలో చాలామందికి ఇరవై ఏళ్లు. తెలంగాణలో మద్యానికి చట్టం పెట్టిన వయసు 21. కాబట్టి ఇది తాగి రాసిన రివ్యూ కాదు, తాగమని చెప్పే పోస్టు అంతకన్నా కాదు. ఇంకో లెక్క కూడా ఉంది. 2024లో డైట్ చార్జీలు పెంచినంక మా లాంటి కాలేజీ హాస్టల్ పిల్లలకు నెలకు వచ్చేది 2,100 రూపాయలు. అంటే రోజుకు 70. పబ్బులో మూడు నాలుగు వందలు పెట్టి తాగే ఒక్క గ్లాసు మా నాలుగైదు రోజుల తిండి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీలో దిగొచ్చు గానీ, ఆ గ్లాసు దగ్గరికి పోవుడు అంత సులువు కాదు.

అయినా ఆ స్టేటస్‌లు చూసి మేము ఎగతాళి చేస్తలేం. అందులో ఒక విద్య ఉంది. ఆ విద్యను మనం నేర్చుకోవాలె, కానీ ముందు మన చెట్టు మీద, మన కుండ మీద పెట్టి చూడాలె. ఒకే పని సిటీల చేస్తే కళ, గూడెంల చేస్తే కేసు ఎందుకైతుందో అడగాలె. మా అభిప్రాయం ఇదే.

అసలు ఈ రేటింగ్ ఏంది?

బీరులో ఉండేవి నాలుగే: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే తీగ పువ్వు, ఈస్ట్, నీళ్లు. జర్మనీలోని బవేరియాలో 1516లోనే బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేం కలపొద్దని ఆజ్ఞ వేశారు. ఈస్ట్ సంగతి అప్పటికి తెలియదు కాబట్టి అందులో రాయలేదు. చేదు హాప్స్ నుంచి వస్తుంది. కాఫీ, చాక్లెట్ వాసన గింజను మాడేదాకా వేయిస్తే వస్తుంది. వీట్ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుందంటే అందులో అవి వేసినట్టు కాదు, ఆ రకం ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టే వాసన అది.

పోటీల్లో జడ్జిలు వాడే ఒక పట్టిక 50 మార్కులకు ఉంటుంది. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. చూడండి, రంగుకు మూడే, వాసనకు పన్నెండు. "బాగుంది, బాలేదు" అని ఊరుకోకుండా ఎందుకు బాగుంది, ఏ వాసన, ఎక్కడి నుంచి వచ్చింది అని విప్పి చెప్పాలె. సైన్స్ గ్రూప్ చదివే మా దోస్తులకు ఇది ల్యాబ్ రికార్డు లెక్కనే అనిపించింది.

మన దేశంలో ఈ దారి కొత్తదే. పుణెలో డూలాలీ 2009లో మొదలైంది, బెంగళూరులో టోయిట్ 2010లో. తెలంగాణ సర్కారు 2015లో మైక్రోబ్రూవరీలకు దారి తెరిచింది. వీళ్లంతా చెప్పే మాట ఏందంటే, మేము చిన్నోళ్లం, పెద్ద కంపెనీ చేతుల్లో లేం, చేత్తో చేస్తం, తాజాగా పోస్తం అని. మంచి మాటే. కానీ "చిన్న" అంటే ఎంతో తెలుసా? అమెరికాలో క్రాఫ్ట్ బ్రూవర్ల సంఘం పెట్టుకున్న లెక్క ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ల దాకా తీసినా చిన్న బ్రూవరీనే. మన లెక్కల సుమారు 70 కోట్ల లీటర్లు. పెద్ద మద్యం కంపెనీ వాటా 25 శాతం లోపు ఉంటే స్వతంత్ర బ్రూవరీ. ఇది చదివి మా గదిలో అందరం నవ్వినం. డెబ్బై కోట్ల లీటర్లు చిన్నదైతే, మన అవ్వ పొయ్యి మీది ఒక్క కుండ ఏమైతది?

మన దగ్గర ఉన్న విద్య

చిన్నగా, చేత్తో, తాజాగా, ఎవని చేతి కింద లేకుండా చేసేది మనకు కొత్తనా? భద్రాద్రి, అల్లూరి జిల్లాల వైపు కోయ, కొండరెడ్డి అన్నలను అడగండి, జీలుగు కల్లు గురించి చెప్తరు. బస్తర్‌లో దాన్నే సల్ఫీ అంటరు. చెట్టు నుంచి దిగినప్పుడు తియ్యగా ఉంటది, పొద్దెక్కే కొద్దీ పులుపు పడతది, సాయంత్రానికి ఘాటైతది. ఎవరూ ఈస్ట్ ప్యాకెట్ కొని వెయ్యరు. గాలిలో, కుండలో ఉన్నదే పని చేస్తది. బస్తర్‌లో బియ్యంతో పులియబెట్టే లంద కూడా గింజ నుంచి వచ్చేదే, బీరుకు దగ్గరి చుట్టం. తాటికల్లులో పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు అని మన ఊళ్లల్లో నాలిక మీద పెట్టి చెప్పేటోళ్లు ఉన్నరు. ఏ పబ్బుల టేస్టర్‌కు తక్కువ వాళ్లు?

ఇక ఇప్ప. అది బీరు కాదు, కాచి దించే సారా, కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ దాని వెనుక ఉన్న తెలివి చూడండి. ఎండాకాలం మొదట్ల రాత్రి రాలిన పువ్వును తెల్లారక ముందే పోయి ఏరుతరు. ఎండబెడతరు, నానబెడతరు, కుండల మీద కుండ పెట్టి ఆవిరి పడతరు. గోండుల ఇండ్లల్ల అది పెర్సాపేన్‌కు పెట్టినంకనే మనిషికి. ఎవరికి పొయ్యాలె, ఏ పండుగకు, ఎంత అనే కట్టుబాటు ఉంటది. చెట్టు కుటుంబానికి ఆస్తి, పువ్వు కరువులో తిండి. ఉట్నూర్‌లో మహిళా సంఘం అదే పువ్వుతో లడ్డూలు చేస్తున్నది.

బీరుకైతే వందల పేర్లు, పట్టికలు, పుస్తకాలు, యాప్‌లు. మన చెట్టుకు, మన పులుపుకు మన భాషల్లో ఉన్న మాటలు ఎక్కడ రాసి ఉన్నయ్? గోండి, కోయ, కొలామి, కువి, లంబాడీ మాట్లాడే పిల్లలు ఈ గ్రూపులో ఉన్నరు. పులిసిన కల్లు నాలుగు దశలకు మీ ఇంట్లో ఏం పేర్లు ఉన్నయో మీకు తెలుసా? మా గదిలో ఆరుగురిలో ఇద్దరికే తెలుసు. ఇది చిన్న నష్టం కాదు.

కళకు లైసెన్స్, కుండకు కేసు

బ్రూపబ్బుకు లైసెన్స్ ఉంటది, పన్ను కడతరు, కాబట్టి అది చట్టం లోపల. గూడెంలో ఇప్పసారా కాస్తే ఎక్సైజ్ చట్టం 1968 కింద నేరం. తేడా కేవలం శుభ్రతది కాదు, ఫీజు కట్టగలిగేటోనికి, కట్టలేనోనికి మధ్య తేడా. వైన్ షాపుల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ 2021లో ఇచ్చిన్రు. కానీ 2021లో అప్లికేషన్ ఫీజే రెండు లక్షలు ఉండె, డ్రాలో పేరు రాకపోతే తిరిగి రాదు. మన గూడెంల అన్ని పైసలు పోగొట్టుకునే ధైర్యం ఎవరికి ఉంది? పేరు ఒకరిది, పైసలు ఇంకొకరివి అయ్యే ప్రమాదం అందరికీ కనబడేదే.

ఇది ఇవ్వాళ్టి కథ కాదు. 1879 రంప తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒకటి. ఇంటి కోసం గీసుకునే చెట్టు మీద కూడా గుత్తేదారు వచ్చి కూర్చున్నడు. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో బ్రిటిష్ సర్కారు ఇప్పపువ్వు మీదనే చట్టం తెచ్చింది. సారా డిపోల ఆదాయం కోసం అడవి పువ్వును ఏరకుండ కట్టడి చేసిన్రు. జల్, జంగల్, జమీన్ అని కుమ్రం భీం అన్నప్పుడు ఆ జంగల్‌లో ఈ చెట్టు కూడా ఉంది.

వేరే దారి లేదా అంటే, ఉంది. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను హెరిటేజ్ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించింది. అలీరాజ్‌పూర్ జిల్లాలో ఆదివాసీ మహిళా సంఘం చేసిన సారా మోహులో పేరుతో సీసాలో వచ్చింది. మన హైదరాబాద్‌లో 2023లో నెక్లెస్ రోడ్ మీద నీరా కేఫ్ పెట్టి, గీత కార్మికుల చెట్టు నీళ్లను సిటీ బల్ల మీదికి తెచ్చిన్రు. అంటే ఇష్టముంటే సర్కారుకు తోవ దొరుకుతది.

"మరి తాగుడుతో ఆగమైనోళ్ల సంగతేంది?"

ఈ ప్రశ్న మా గదిలోనే వచ్చింది, చాలా గట్టిగా వచ్చింది. మా దోస్తుల్లో కొందరి ఇండ్లల్ల నాయిన కూలి పైసలు సీసాకే పోయినయ్. ఫీజు కోసం అమ్మ పుస్తెలు కుదువ పెట్టింది. అక్క చదువు పదితోనే ఆగింది. వాళ్ల ముందర కూర్చొని "మన సంస్కృతి" అని గొప్పలు చెప్పుడు మాకు చేతకాదు.

అందుకే మేము రెండింటిని విడదీసి చూస్తున్నం. పండుగకు, పేన్‌కు, చావుకు, పెండ్లికి కట్టుబాటుతో పోసేది ఒకటి. బెల్లం, పటిక కలిపి కాచే గుడుంబా, మత్తుమందు కలిపిన కల్తీ కల్లు, ఊరి మూలమలుపుల బెల్టు షాపు ఇంకొకటి. రెండోదాన్ని సంస్కృతి పేరుతో కాపాడనవసరం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా మీద లేచినప్పుడు 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం. 1997లో దాన్ని ఎత్తేసిన్రు. సర్కారు ఖజానా ముందు ఆడోళ్ల మాట ఎన్ని రోజులు నిలిచిందో అందులోనే ఉంది.

మనకు మాత్రం చేతిలో ఒక చట్టం ఉంది. 1996 పెసా చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించాలన్నా, నియంత్రించాలన్నా గ్రామసభకు, పంచాయతీకి అధికారం ఉండాలని అందులో రాసి ఉంది. బెల్టు షాపు వద్దని చెప్పే హక్కు, మన కుండకు కట్టుబాటు పెట్టుకునే హక్కు రెండూ ఒకే గ్రామసభలో కూర్చొని మాట్లాడుకునే విషయాలే. ఆ సభలో ఆడోళ్ల మాట ముందు ఉండాలె. తాగుడు బరువు మోసేది వాళ్లే కాబట్టి.

ఏం చేద్దాం?

జాబు చేసే అన్నలారా, 21 దాటినోళ్లు మీ పైసలతో మీరు తాగితే అది మీ ఇష్టం, దానికి మేము నీతులు చెప్పం. కానీ ఈ గ్రూపులో ఇంటర్ తమ్ముళ్లు కూడా ఉన్నరు. సిటీకొచ్చి ఎదిగినం అని చూపించడానికి చేతిల గ్లాసు ఉండాలని వాళ్లకు అనిపిస్తే ఆ బాకీ ఎవరు తీరుస్తరు? కాబట్టి గ్లాసుల స్టార్లు ఇక్కడ వద్దు.

దానికి బదులు ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోదాం. తాతను, అవ్వను కూర్చోబెట్టి అడుగుదాం. ఏ చెట్టుకు ఏ పేరు? ఏ నెలల పూస్తది? పులుపుకు, తీపికి, ఘాటుకు మన భాషల ఏ మాట? ఎవరికి పోసేటోళ్లు, ఎవరికి పోసేటోళ్లు కాదు, ఎప్పుడు చాలనేటోళ్లు? ఆ "చాలు" అనే కట్టుబాటును తప్పకుండ రాద్దాం, యాభై మార్కుల పట్టికలో దానికి గడి లేదు. రాసింది ఈ గ్రూపులో పెట్టండి. ఒక్కో తెగ నుంచి ఒక్కో పేజీ వచ్చినా చాలు.

తప్పు అనిపించిన మాట ఉంటే కింద చెప్పండి, చర్చిద్దాం. ముఖ్యంగా అక్కలు, చెల్లెళ్లు మాట్లాడాలె.

జోహార్.
ఎల్‌బీ నగర్ హాస్టల్ తమ్ముళ్లు