చివరి బెంచీకి చేరని చట్టం

‘వీడికి చదువు అబ్బదు’. ఈ ఒక్క మాటతో ఎందరు బిడ్డల భవిష్యత్తు తెల్లారిపోతున్నదో లెక్క తీసేవారు లేరు. హైదరాబాదు పాతబస్తీ గల్లీలోనైనా, కర్నూలు, కడప వీధుల్లోనైనా, అయిదో తరగతికి వచ్చినా వాక్యం కూడబలుక్కోలేని బాలుడు మొదట చివరి బెంచీకి, పిదప మెకానిక్ షెడ్డుకు చేరుతాడు. బాలిక అయితే ఇంటి పనికే పరిమితమవుతుంది. బడి దానిని సోమరితనమంటుంది. ఇల్లు తలరాత అంటుంది. చట్టం మాత్రం అలా అనడం లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. తెలివితేటలకు కొదవ లేకున్నా అక్షరాలు చదవడంలో, రాయడంలో, లెక్కలు చేయడంలో ఎదురయ్యే అవరోధమిది. దీనిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించాలని 16వ సెక్షన్ ఆదేశిస్తున్నది. పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సాయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో ఉపాధ్యాయులే ప్రాథమిక పరిశీలన జరపాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశించాయి. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి ప్రతి 10 మంది విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా స్పష్టం చేసింది.

ఉర్దూ మాతృభాషగా గల పిల్లల విషయంలో సమస్య మరింత జటిలం. ఇంట్లో దక్కనీ మాట. బడిలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు. ఒక లిపి కుడి నుంచి ఎడమకు, మిగిలినవి ఎడమ నుంచి కుడికి సాగుతాయి. ఉర్దూ అక్షరం పదంలోని స్థానాన్ని బట్టి రూపం మారుస్తుంది. ఒక్క చుక్క తేడాతో వేరే అక్షరమవుతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు మరో పరీక్ష. ఇక్కడే రెండు తప్పులు జరుగుతున్నాయి. బడి భాష రాక వెనుకబడిన బిడ్డను మందబుద్ధి అంటున్నారు. నిజంగా అభ్యసన వైకల్యమున్న బిడ్డను ‘భాష రాలేదు, అదే వస్తుంది’ అని ఏళ్ల తరబడి వదిలేస్తున్నారు. బిడ్డ ఇంటి భాషలో పరీక్షిస్తే తప్ప ఈ రెండింటి నడుమ తేడా తేలదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టం. మండలాల్లోని భవిత కేంద్రాలలో ఉర్దూ తెలిసిన ప్రత్యేక ఉపాధ్యాయులను నియమించాలి. పరీక్షా సాధనాలు, ధ్రువపత్రాలు పేద తల్లిదండ్రులకు పనిదినం పోగొట్టుకోకుండా అందాలి. మైనారిటీ గురుకులాల ఉపాధ్యాయులకు ఈ అంశంలో శిక్షణ ఇవ్వాలి. ప్రశ్నను చదివి వినిపించడం, జవాబును నోటితో చెప్పనివ్వడం, పాఠాన్ని చిన్న భాగాలుగా విడదీయడం, నలుగురి ముందు బలవంతంగా చదివించకపోవడం వంటి పనులకు నిధులు అక్కరలేదు, మనసుంటే చాలు.

వేలు మనవైపూ చూపుకోవాలి. మన యాజమాన్యంలోని పాఠశాలలు ఉత్తీర్ణతా శాతం తగ్గుతుందని ఇలాంటి పిల్లలను పదో తరగతికి ముందే సాగనంపుతుంటే, ప్రభుత్వాన్ని నిలదీసే నైతిక హక్కు మనకెక్కడిది? పరీక్ష చేయిస్తే బిడ్డకు పేరు పడుతుందని, ఆడపిల్లకు సంబంధాలు రావని దాచిపెట్టడం కూడా ఆ బిడ్డకు మనం చేస్తున్న అన్యాయమే. మైనారిటీల విద్యాహక్కు గురించి పోరాడే సమాజం, తనలోని మైనారిటీని, ఆ చివరి బెంచీ బిడ్డను, మరచిపోరాదు.