వానకాలపు విహారయాత్రను మానవలెనా?

గడచిన కార్యవర్గ సమావేశమునందు ఒక తీర్మానము చర్చకు వచ్చినది. మన సంఘము ఏటేట జరుపు బాలబాలికల విహారయాత్రను ఇకమీదట శ్రావణమాసమున జరుపరాదనియు, డిసెంబరునకో జనవరికో మార్చవలెననియు దాని సారాంశము. తీర్మానమును తెచ్చినవారు మాకు ఆప్తులు; వారి ఉద్దేశమునందు దోషము లేదు. 2025 ఆగస్టు 16వ తేదీన జరిగినదానిని కన్నులార చూచినవారెవ్వరును వారిని తప్పుపట్టజాలరు. అయినను మేము ఆ తీర్మానమునకు చేయి ఎత్తలేకపోతిమి. కారణములను ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుచున్నాము.

ఆనాడు యాత్రకు రాని సోదరులకొరకు జరిగినది కొంత చెప్పవలసియున్నది. మార్కండేయ రథోత్సవము ముగిసిన వారమునకు, ఆగస్టు 15 శుక్రవారము రాత్రి, 76 మంది పిల్లలతోను, వారి పెద్దలు కొందరితోను, రెండు బస్సులలో షోలాపురమునుండి బయలుదేరితిమి. తెల్లవారునప్పటికి సహ్యాద్రి దిగువనున్న ఒక థీమ్ పార్కు వాకిట నుంటిమి. శుక్ర, శని, ఆదివారములు వరుసగా సెలవులగుటచే పుణె, ముంబయి నగరములు రెండును అచ్చటికే వచ్చినవా యనిపించెను. టిక్కెట్టు కిటికీ మొదలు దారి మలుపువరకు మనుష్యులు, గొడుగులు తప్ప మరేమియు కానరాదాయెను. ఎనిమిది గంటలకు జల్లు పడెను. తొమ్మిదింటికి జల్లు వానయయ్యెను. పదింటికి ఎదుటి మనిషి మొగము ఆనుటలేదు.

మనము వానను ఎరుగమా యని కొందరు నవ్వవచ్చును. వాస్తవముగా ఎరుగము. మన షోలాపురము సహ్యాద్రికి తూర్పున వానచాటు ప్రదేశము. సంవత్సరమంతటికిని కురియునది సగటున 600 మిల్లీమీటర్లకు అటునిటు. కనుమల శిఖరమున ఉన్న లోనావళాలో 4,000 మిల్లీమీటర్లు దాటును. సముద్రమునుండి వచ్చు మేఘము ఆ కొండ నెక్కలేక పడమటి దిక్కుననే తన భారమును దించుకొనును, మిగిలినదే మనకు. అందుచే మన ఇండ్లలో గొడుగులున్నవి గాని అవి ఎండకొరకు. పిల్లలకు రెయిన్‌కోటు కొనవలెనను తలంపే మనలో అనేకులకు రాదు.

గొడుగు తెచ్చినవారి గతియు మేలుగా లేకుండెను. రద్దీలో గొడుగువంటి పనికిరాని వస్తువు మరొకటి లేదని ఆనాడు మేము తెలిసికొంటిమి. నా గొడుగు నీరు నీ మెడలోనికి, నీ గొడుగు నీరు మరొకని వీపుమీదికి. పిల్లల ఎత్తున పెద్దల గొడుగు కమ్ములు సరిగా కన్నులకు తగులుచుండెను. క్యూ ఇనుప కటకటాలమధ్యకు వచ్చుసరికి గొడుగు ముడువక తప్పదు. ఆటయంత్రమెక్కునప్పుడు దానిని ఎవరో ఒకరు పట్టుకొని క్రింద నిలువవలెను. ఆ నిలుచువారు తల్లులే యని వేరుగ చెప్పనక్కరలేదు.

పార్కు అంగడిలో పలుచని ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు అమ్ముచుండిరి. వెల విని మేము వ్యాపారస్థులమయ్యును సిగ్గుపడితిమి. కొన్నవారివి మధ్యాహ్నమునకే చంకలవద్ద చిరిగెను. చిరుగనివి లోపల చెమటతో తడిసెను. పైనుండి తడిసిననేమి, లోపలనుండి తడిసిననేమి!

ఇంతకును మా మనస్సును కలచినది ఇది కాదు. భోజనశాల చూరు క్రింద పన్నెండేండ్ల బాలిక యొకతె చలికి గజగజ వణకుచు నిలిచియుండెను. క్రొత్త పట్టు పరికిణీ, రథోత్సవమునకు కుట్టించినది, రంగు దిగి కాళ్లవెంట కారుచుండెను. తల్లి బీడీలు చుట్టును. తండ్రి మరమగ్గముల కార్ఖానాలో పని చేయును. "కాకా, నేను ఆటలొద్దు, బస్సుల కూసుంట" అని బిడ్డ యనెను. రెయిన్‌కోటు తీసికొనిరండని కాగితములో వ్రాసితిమి గదా, ఏల తేలేదని తల్లిని కొంచెము గట్టిగనే అడిగితిమి. ఆమె కోపించలేదు. "అన్నా, ఆ కాగితం తెలుగుల ఉండె. మాకు మాట్లాడుడు వస్తది గని చదువుడు రాదు. బిడ్డ మరాఠీ బడికి పోతది. తారీఖు, టైము అంకెలు చూసుకొని వచ్చినం" అనెను.

మేము మారుపలుకలేకపోతిమి. ఆ ప్రకటనను వ్రాసినది మేమే. "వర్షరక్షణోపకరణములు అనివార్యముగా వెంట తెచ్చుకొనవలెను" అని వ్రాసియుంటిమి! చదువనేర్చినవారికైనను ఆ వాక్యములో రెయిన్‌కోటు కానవచ్చునా? తరువాత విచారింపగా, 76 మందిలో 31 మంది ఏ ఆచ్ఛాదనయు లేక వచ్చినట్లు తేలినది. వారిలో బీదలు కొందరు, కొనగలిగియు విషయము తెలియనివారు కొందరు. తడిసినది మేఘుని తప్పు కాదు.

తెలుగు అక్షరము మనవారికి దూరమగుచున్నదని ఈ పత్రికలో మేమే ఎన్నిసార్లో వ్రాసితిమి. దానికి వేరే కృషి చేయవలెను, చేయుచున్నాము. కాని అక్షరము రానంతమాత్రాన బిడ్డ వానలో తడియవలెనను నియమము లేదు గదా. ప్రకటన తెలుగునను మరాఠీనను రెండింటను ఉండవలెను. అంతకంటె ముఖ్యముగా వాడవాడకు ఒక మనిషి పోయి నోటితో చెప్పవలెను.

ఇక డిసెంబరు సంగతి. ఆ నెలలో వాన లేదు, నిజమే. చలికాలమున చాదర్ల గిరాకీ ముమ్మరము. కార్ఖానాలు రేయింబవళ్లు నడచును. పనివాడు ఒక్కదినము మానిన కూలి పోవును. బడికి ఎక్కువ సెలవులు లేవు. ఆ నెలాఖరున ఇట్టి పార్కులలో టిక్కెట్టు ధర మరింత ఎక్కువగ నుండును, జనసమ్మర్దము చెప్పనే వలదు. డిసెంబరునకు మార్చినచో అంగడి యజమానుల పిల్లలు వత్తురు. మా పిల్లలును వత్తురు, అనగా రాగలవారే వత్తురు. శ్రావణమున పండుగ సెలవులు కలసివచ్చునప్పుడు తప్ప ఊరు దాటి ఎరుగని బిడ్డలు ఇంటనే యుందురు. ఆ పరికిణీ బాలిక తడియదు, ఆటయు చూడదు. దీపావళి సెలవులలో పెట్టుకొనుడని కొందరనిరి. అప్పుడు మన కుటుంబములలో సగము తెలంగాణపు బంధువుల ఇండ్లలో నుండును.

మద్రాసు ప్రాంతమున స్థిరపడిన మన సోదర సంఘములవారు ఈ వ్యాసము చదివినచో ఒక మాట గమనింతురు గాక: వారికి అక్టోబరు మొదలు డిసెంబరువరకే వాన ఉద్ధృతము. వారు డిసెంబరునుండి ఆగస్టునకు మారిన వాన తగ్గును. మేము ఆగస్టునుండి డిసెంబరునకు మారిన పిల్లలు తగ్గుదురు.

వానలో పోవుటయే నిశ్చయమైనచో, పొడిగ ఉండుట ఎట్లు? ఈ విషయమున మేము తువ్వాళ్లు అమ్ముకొనువారమగుటచే కొంత చెప్పగలము, మా సరకునకు విరుద్ధముగనే. మందపు టెర్రీ తువ్వాలు యాత్రకు తేవలదు. దాని నూలు ముడులు నీటిని మిక్కుటముగ పీల్చును, నిజమే. పీల్చిన నీటిని రోజంతయు విడువవు. ఒకసారి వాడిన పిదప అది మోయవలసిన బరువే. పలుచని తుండుగుడ్డ రెండు చాలును. పిండి విదిలించి భుజమున వేసికొనిన ఆరుచుండును. క్రొత్తవి కొనినచో ముందు రెండు మూడుసార్లు ఉతుకవలెను. మెరుగుకొరకు పూసిన పూత పోవువరకు క్రొత్తగుడ్డ నీరు పీల్చదు. మా అంగడిలో ఈ మాట చెప్పము గాని, ఇచ్చట చెప్పుచున్నాము.

నూలు పంట్లాములు, ముఖ్యముగా జీన్సు, వానకు శత్రువులు. తడిసిన జీన్సు సాయంకాలమునకును ఆరదు, తొడలు ఒరయును. మోకాలివరకు వచ్చు పలుచని నైలాను లాగు బాలురకు మేలు. పరికిణీలు పండుగకు దాచుకొనవలెను. కాన్వాసు బూట్లు తడిసినచో కాలివ్రేళ్లమధ్య పుండ్లు పడును. వెనుక పట్టీ కలిగి అడుగున గరుకున్న రబ్బరు చెప్పులు వాడవలెను. పట్టీ లేనివి కొన్ని ఆటయంత్రములలో అనుమతింపబడవు.

రెయిన్‌కోటు కొనునప్పుడు గుడ్డను గాక కుట్టును చూడవలెను. నీరు గుడ్డగుండ రాదు. భుజముమీది కుట్టు రంధ్రములగుండ వచ్చును. లోపలివైపు కుట్టుమీద టేపు అంటించినది మంచిది. తలకుచ్చు ఉండవలెను, దాని అంచు కన్నులకు అడ్డము రాకుండవలెను. మన పూర్వులు మగ్గములు వెదకుకొనుచు తెలంగాణమునుండి ఇటు వచ్చిన కాలమున గొంగడిని కొప్పెరగా మడచి తలమీద వేసికొని వానలో నడచిరి. ముతక ఉన్ని నీటిబొట్టును పైనే జార్చును, తడిసినను వెచ్చదనము విడువదు. గొఱ్ఱెలకాపరులు నేటికిని దానిని విడువలేదు. రోలరు కోస్టరుమీదికి గొంగడితో ఎక్కనీయరు గాని, బస్సులో నాలుగు గొంగళ్లుండిన ఆనాడు ఆ బిడ్డ వణకియుండదు.

పొడిబట్టలను దేనిలో పెట్టవలెనని అడిగినవారున్నారు. పలుచని ప్లాస్టిక్ సంచులు మన రాష్ట్రమున 2018లోనే నిషేధింపబడినవి. చాదర్లు అమ్మునప్పుడు వేసి యిచ్చు జిప్పు సంచులు మన ఇండ్లలో అటకలమీద ఎన్ని లేవు? ఒక్కొక్క పిల్లకు ఒక సంచి, అందులో ఒక జత బట్టలు, తుండుగుడ్డ. పైన పేరు వ్రాసి బస్సులోనే ఉంచవలెను, పార్కులోనికి తీసికొనిపోరాదు. సాయంకాలము బస్సెక్కకముందే బట్టలు మార్చవలెను. ఆనాడు తడిబట్టలతోనే రాత్రియంతయు వణకుచు ప్రయాణము చేసితిమి.

వాన వచ్చినప్పుడు అందరును పైకప్పుగల ప్రదర్శనశాలలకు పరుగెత్తుదురు. మేమును పరుగెత్తి గంటన్నర ద్వారమువద్దనే తడిసితిమి. దానికి మారుగా, వాన రాకముందే పదకొండు గంటలకు భోజనము ముగించి, అందరు తినుచున్న వేళ ప్రదర్శన చూడవలెను. పిడుగులు, జోరువాన ఉన్నప్పుడు ఎత్తైన యంత్రములను ఆపివేయుదురు. అది మన క్షేమముకొరకే, కసురుకొనరాదు. వాన వెలిసిన వెంటనే వాటివద్ద క్యూలు చిన్నవిగ నుండును. కనుమల వాన ఒక్కపెట్టున పడి కొంతసేపు తెరపి యిచ్చుట కద్దు. ఆ తెరపిని కనిపెట్టియుండవలెను.

పార్కులు కట్టువారికి కూడ ఒక మాట. అమెరికాలో 1955లో కట్టిన డిస్నీలాండునందు ముఖ్యవీధికి పైకప్పు లేదు. అదే సంస్థ పేరిట 1983లో టోక్యోలో తెరచిన పార్కులో, అచ్చట వానలు ఎక్కువయని, ఆ వీధి అంతటికిని గాజుకప్పు వేసిరి. కొరియా రాజధానిలో 1989లో తెరచిన లోటే వరల్డులో ఆటస్థలములో పెద్దభాగము ఒకే కప్పుక్రింద నున్నది. నాలుగు నెలలు వానగల మన దేశమున కట్టునప్పుడు క్యూ పొడుగునకైన రేకులు వేయించుట గొప్ప ఖర్చు కాదు. వంద రూపాయల తువ్వాలు కొనవచ్చినవానికి మేము అంగడి ముందు పందిరి వేసితిమి; వేల రూపాయలు చెల్లించి వచ్చువానికి పందిరి వలదా?

కావున తీర్మానమునకు మేము ప్రతిపాదించు సవరణ ఇది. యాత్ర శ్రావణముననే జరుగవలెను. కుట్టుమీద టేపుగల పిల్లల రెయిన్‌కోట్లు 80, సంఘనిధినుండి టోకుగా కొని, యాత్రకు ముందు ఇచ్చి తరువాత తిరిగి తీసికొని, కడిగి ఆరవేసి, సంఘభవనమున భద్రపరుపవలెను. ఇవి ఇచ్చునప్పుడు బీద, ధనిక అను భేదము చూపరాదు. అందరికిని ఒకే రంగు. రద్దీలో మన పిల్లలను గుర్తించుటకును సులభము. తడిసిన కోట్లు ఆరబెట్టుటకు మా గోదాములో దండెములు కలవు. ఆ పని మేము తలకెత్తుకొందుము. నిధి చాలదని కోశాధికారిగారు అందురని ఎరుగుదుము. కొరతలో సగము మేము భరింతుము, మిగిలిన సగమునకు వ్యాపార సోదరులను అడుగుదుము.

తీర్మానము రాబోవు సమావేశమున ఓటునకు వచ్చును. ఆ లోపల ప్రతివాడలోను పిల్లల ఎత్తు కొలతలు వ్రాసికొనుటకు మన యువకులు ఇంటింటికి వత్తురు. ఆ బాలిక ఇంటికి మేమే పోయితిమి. ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళములు. తలకుచ్చు కొంచెము పెద్దదిగ నుండవలెనని ఆమె కోరినది, జడ తడియకుండుటకట.